మూడు దీవులు, ఒక్క సంచి

"ఓడెక్కితే నీకు వంట బాధ ఉండదు, హాయిగా విశ్రాంతే!" అంటారు ఇంట్లో. నమ్మకండమ్మా. మన పని వంటొక్కటేనా?

కొచ్చి నుంచి లక్షద్వీప్‌కి మేం వెళ్ళిన 'సముద్రం' ప్యాకేజీ సంగతే తీసుకోండి. ఐదు రోజులు. కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు. పగలు దీవిలో, రాత్రి నిద్ర ఓడలో. చుట్టూ పగడపు దిబ్బలు కదా, ఓడ ఒడ్డుదాకా రాలేని చోట ఊగే చిన్న పడవలోకి దిగాలి. సాయంత్రం మళ్ళీ అలాగే ఎక్కాలి.

మరి దిగేముందు తువ్వాళ్ళు, పిల్లల బట్టలు, తడివాటికి కవర్లు, అత్తయ్యగారి బీపీ మాత్రలు సర్దేదెవరు? అన్నీ ఒకే సంచిలో, అదీ అమ్మ భుజానికే. అందరూ అద్దాల పడవలో పగడాలు చూసొస్తుంటే అమ్మ కొబ్బరిచెట్టు కింద చెప్పులకు కాపలా! మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ ఉంది. "నువ్వూ ఎక్కుతావా?" అనరు, "సంచి పట్టుకో" అంటారు. టిక్కెట్టు మాత్రం అందరితో సమానంగా నాకూ పూర్తి ధరే.

అందుకే బయల్దేరకముందే తేల్చేయండి, ఎవరి సంచి వాళ్ళదని. ఎనిమిదేళ్ళ పిల్లాడు తన తువ్వాలు తాను మోయలేడా? చీర పక్కనపెట్టి చుడీదార్ వేసుకోండి, పడవలోకి దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకడ్డం పడతాయి. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ అడిగి మరీ నీళ్ళలోకి దిగండి. అక్కడ మనల్ని చూసేది చేపలే.

వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి. పిల్లలకు వేసి మీరు మర్చిపోతారు, నాకు తెలుసు.