గడ్డలోనికి సూదిమందా? నోటి మాత్రలా?

ఈ నెల సంగతి నలుగురిలో చెప్పుకొనునది కాదు. చెప్పకుండుట వలననే ముదిరిపోవుచున్నది గనుక వ్రాయుచున్నాము.

మాకు తెలుగు, అరవము రెండును వచ్చుటచేత చెన్నపట్టణములోని మనవారు ఆసుపత్రి చీట్లు చదివించుకొనుటకు మా యింటికి వచ్చుచుందురు. మొన్న ఒక తమ్ముడు వచ్చి, "అన్నగారూ, వదినగారిని కాస్త లోపలికి వెళ్లమనండి" అని తల వంచుకొన్నాడు. వృషణము వెనుక గట్టి గడ్డ. నొప్పి లేదని ఆరు నెలలు దాచినాడు. పెండ్లియై మూడేండ్లు, సంతానము లేదు. పరీక్షలలో క్షయ అని తేలినది. గడ్డలోనికే స్ట్రెప్టోమైసిన్ సూది వేయించుకొన్నచో మాత్రలతో పని లేదని ఎవరో చెప్పిరట. "జబ్బున్న చోటనే మందు వేస్తే మంచిది కాదా, అన్నగారూ?" అని అడిగినాడు.

అతనితో సర్కారు ఆసుపత్రికి వెళ్లితిమి. డాక్టరుగారు చెప్పినదిది: ఈ క్రిమి గడ్డలో పుట్టలేదు. ఊపిరితిత్తులలోనో మూత్రపిండములోనో చేరి, నెత్తురు ద్వారాను, మూత్రమార్గము ద్వారాను ఇక్కడికి దిగును. గడ్డలో వేసిన సూది మూత్రపిండములోని క్రిమిని చంపలేదు. పైగా సూది పొడిచిన త్రోవన పుండుపడి చీము కారవచ్చును. ఒక్క మందే వాడినచో క్రిమి దానికి లొంగకుండ మొండికెత్తును. మాత్రలన్ననో నెత్తురులో కలిసి ఒళ్లంతయు తిరుగును.

మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాత నాలుగు నెలలు పైరజినమైడ్ మాని తక్కిన మూడు. సర్కారు వీనిని ఉచితముగా ఇచ్చును. మూత్రము ఎర్రబడిన భయము లేదు. కండ్లు పచ్చబడినను, చూపు మసకబారినను వెంటనే చెప్పవలెను. చీముగడ్డ కట్టినను, మాత్రలకు తగ్గకున్నను శస్త్రము అవసరము కావచ్చును.

మాత్రల మీద మన పట్టణమునకు నమ్మకము క్రొత్త కాదు. 1956లో ఇక్కడ వెలసిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు, ఊపిరితిత్తుల క్షయకు ఇంటిలో మందు తిన్నవారును శానిటోరియములో ఉన్నవారివలెనే బాగుపడుదురని 1959లో లోకమునకు చూపిరి.

సంతానము మాట అడుగగా డాక్టరుగారు మాట ఇయ్యలేదు. నాళము మూసికొని పోయినచో మాత్రలు దానిని తెరువలేవట. ముందే వచ్చియుండిన బాగుండెడిది.

తిరిగి వచ్చుచు తమ్ముడు, "ఇన్నాళ్లు మా అమ్మ దానినే ఆడిపోసుకొన్నది" అన్నాడు. ఆ రాత్రియే భార్యతోను, తల్లితోను నిజము చెప్పినాడట. మాత్రలు మొదలుపెట్టినాడు. సోదరులారా, గడ్డ కనబడిన నాడే వెళ్లుడు. మాత్రలు సగములో మానకుడు.