బొంగురు గొంతు బంగారమైంది

పేరంటంలో పాట అందుకోబోతే "నీది మగ గొంతే, ఊరుకో" అనిపించుకున్నారా? అయితే స్పెయిన్ తార సారా మాంటియెల్ సంగతి వినండి.

1957లో హువాన్ దె ఒర్దూన్యా అనే దర్శకుడు 'ఎల్ ఉల్తిమో కుప్లే' తీశాడు. కుప్లే అంటే పాతకాలంలో అక్కడి నాటకశాలల్లో ఆడవాళ్ళు పాడే కొంటెపాట. సన్నటి గొంతుతో, కాస్త కీచుగా పాడడం ఆనవాయితీ. సారాది చూస్తే మందర స్వరం. అందుకని వేరే గాయనిచేత పాడిద్దామనుకున్నారు. తీరా ఆవిడకిచ్చేందుకు డబ్బు చాల్లేదు! ఇక చేసేదిలేక సారానే పాడమన్నారు. ఆమె గొంతు పెంచలేదు. పక్కన కూచుని చెవిలో చెబుతున్నట్టు తాపీగా పాడింది. అంతే, జనం వెర్రెత్తిపోయారు. మాడ్రిడ్ రియాల్తో హాల్లో దాదాపు ఏడాది ఆడింది. దర్శకుడేమో విడుదలకి ముందే హక్కులు అమ్మేసుకున్నాడు, పాపం.

కథ మరియా లుహాన్ అనే గాయనిది. వెలుగు తగ్గి చిన్న హాల్లో పాడుకుంటుంటే పాత మేనేజరు వెతికి పట్టుకుంటాడు. ఆమె తన గతమంతా చెబుతుంది. ఎద్దులపోరులో పోయిన ప్రియుడి సంగతి కూడా. మళ్ళీ పెద్ద స్టేజీ ఎక్కి, ఆఖరి పాట పాడి ప్రాణం వదులుతుంది. నాకిదే నచ్చలేదండీ. తిరిగొచ్చిన మనిషిని బతకనిస్తే ఏం పోయింది?

మరుసటేడు 'లా వియోలెతేరా'లో సారా పూలమ్మే పిల్లగా వేసింది. అందులోనూ గొంతు తనదే. 2013లో 85 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.