ప్రహరీ గోడ దాటిన ఇల్లు

చేవెళ్ల, మొయినాబాద్, శంకరపల్లి దారుల వెంట కొన్నేళ్లుగా ఒకే కల అమ్ముడుపోతోంది. పావెకరం నేల, మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ మామిడి, జామ, మునగ, పెరట్లో నాటుకోళ్లు, కొట్టంలో ఆవు, కప్పు మీద సోలార్ పలకలు. మన కూర మనమే పండించుకుని, మన కరెంటు మనమే తయారుచేసుకుని, ఎవరి దయా అక్కర్లేకుండా బతకాలన్న ఆశ. విజయవాడ, విశాఖల శివార్లలోనూ ఇదే ఆశ. డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఎప్పటికైనా వెనక్కి వచ్చేద్దామనుకునే మన పిల్లల్లోనూ ఇదే ఆశ.

ఇది మంచి కోరిక. పురుగుమందుల కూరగాయలు తిని, ట్యాంకరు నీళ్లకు ఎదురుచూసి, పొగ పీల్చి విసిగిపోయిన మనిషికి మట్టి మీద మనసు పోవడం ఆరోగ్యానికి గుర్తు. అయితే స్థలం కొన్న మర్నాడు మనం చేసే మొదటి పని ప్రహరీ గోడ కట్టడం, రెండో పని బోరు వేయించడం. కల దారి తప్పేది అక్కడే. గోడకు ఇవతల అరటి గెల వేసి, అవతల చిన్న రైతు చేను ఎండిపోతే ఆ ఇంటిని ఆదర్శ గృహం అనడానికి మన మనస్సాక్షి ఒప్పుకోకూడదు. ఒంటరి ఇల్లు ఎంత గొప్పదైనా తనకు తాను సరిపోదు. ఊరు సరిపోగలదు, కాలనీ సరిపోగలదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ముందు నీటి సంగతి చూద్దాం. తెలంగాణ, రాయలసీమ నేల అడుగున చాలావరకు గట్టి రాయి. పైనున్న చివికిన రాతి పొరలోనూ, కింది పగుళ్లలోనూ నిలిచిన నీరే మనకున్న భూగర్భ జలం. లోతుకు వెళ్లేకొద్దీ నీరు పెరుగుతుందన్నది ఈ నేలలో భ్రమ. ఆ పగుళ్లకు సర్వే నంబర్లు లేవు. డబ్బున్నవాడి బోరు ఎనిమిది వందల అడుగులకు దిగితే, అప్పు చేసి మూడు వందల అడుగులు తవ్వించుకున్నవాడి బోరు ఒట్టిపోతుంది. ఈ అన్యాయాన్ని అరికట్టడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. అనుమతి లేకుండా బోరు వేయకూడదని అందులో ఉంది. దాన్ని మనలో ఎందరం పాటించామో ఎవరికి వారే చెప్పుకోవాలి.

అలాగని వాననీటితో బతకలేమా? లెక్క వేద్దాం. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద అది 80,000 లీటర్లు. తొలి వానల మురికి నీరు వదిలేసి, ఆవిరైనది తీసేసినా 60,000 లీటర్లు దక్కుతాయి. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు 40 లీటర్లు అనుకుంటే ఏడాదికి 14,600 లీటర్లు. అంటే మన అవసరానికి నాలుగు రెట్ల తాగునీటిని ఆకాశం ఏటా మన నెత్తిమీదే పోస్తోంది. దాన్ని మురుగు కాలువలోకి వదిలి, నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి జలాలను పంపులతో ఎత్తి తెచ్చుకుంటున్నాం.

ఈ లెక్కకు రెండో సగం కూడా ఉంది. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. ఆ ప్రకారం అదే కుటుంబానికి ఏడాదికి దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. కప్పు నీళ్లు అందులో మూడో వంతుకు కూడా రావు. తోటకూ ఆవుకూ కావలసింది ఇంకా వేరు. ఆ మిగతా నీరు ఏ ఇంటికైనా ఉమ్మడి నేల నుంచే రావాలి. మన పెద్దలు చెరువులు తవ్వించింది అందుకే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలానివి. ఒక చెరువు అలుగు దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టు కట్టారు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో చూడటానికి నీరటి ఉండేవాడు. ఆ గొలుసులో ఒక్క కాల్వ మూసుకున్నా కింది ఊళ్లన్నీ ఎండుతాయి.

ఇప్పుడు ఆ కాల్వల మీదే మన ఫామ్‌హౌసుల గోడలు లేస్తున్నాయి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టారు. 2022లో ఆ హద్దులను సడలించారు. ప్రభుత్వం సడలించినంత మాత్రాన మన బాధ్యత సడలదు. వాగుకు అడ్డంగా కట్టి, పైన సోలార్ పలకలు పెట్టినంత మాత్రాన ఆ ఇల్లు పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు.

ఇక ఇల్లు దేనితో కట్టాలి? ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపలే దొరకాలని గాంధీజీ చెప్పిన మాట లారీ బేకర్ జీవితాన్ని మలిచింది. బ్రిటన్‌లో పుట్టిన ఆ వాస్తుశిల్పి తిరువనంతపురంలో స్థిరపడి, పేదల ఇళ్ల దగ్గర నుంచి విద్యాసంస్థల దాకా ఆ సూత్రంతోనే కట్టారు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతిని విస్తృతంగా వాడారు. గోడకు పావు వంతు ఇటుకలు తగ్గుతాయి, లోపలి ఖాళీ ఎండను ఆపుతుంది. మనకూ తాండూరు బండలున్నాయి, కడప బండలున్నాయి, సున్నం గానుగ తెలిసిన మేస్త్రీలు కొందరైనా ఉన్నారు, తొక్కిన మట్టి ఉంది. అయినా వంటగట్టు గ్రానైటు తళతళల కోసం కరీంనగర్ గుట్టలు కరిగిపోయాయి, కాంక్రీటు కోసం నదుల ఇసుక తరలిపోతోంది. ఇల్లు చిన్నదిగా కట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద పొదుపు. నలుగురికి నాలుగు వేల చదరపు అడుగులు కట్టి, మట్టి ఇటుకలతో కట్టామని చెప్పుకోవడంలో అర్థం లేదు.

కరెంటు విషయమూ అంతే. మూడు కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో వాటికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే ఆ 12 యూనిట్లలో చాలా భాగం అదే మింగేస్తుంది. అందుకే ముందు కప్పు చల్లబడాలి. సున్నం పూసినా, తెల్ల పెంకులు పరిచినా ఎండ తిరిగిపోతుంది. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఇక్కడ ఒక ప్రశ్న సూటిగా అడగాలి. మన మట్టిగోడల ఇంటికి కాపలా ఉండే దంపతులు ఎక్కడ పడుకుంటున్నారు? ఆవు పేడ ఎత్తి, కూరగాయల మళ్లలో కలుపు తీసే ఆ తల్లికి ఏప్రిల్ ఎండలో రేకుల గదేనా? చల్లదనం యజమానికీ, సెగ పనివాళ్లకూ పంచే ఇల్లు ఎన్ని యూనిట్లు మిగిల్చినా ఆదర్శం కాదు.

తిండిలోనూ ఒంటరితనం పనికిరాదు. పక్క చేనులో మందు కొడితే గాలి దాన్ని మన మడికి తెస్తుంది. జనగామ జిల్లా ఏనెబావిలో రైతులు ఈ సంగతి గ్రహించారు. ఎవరికి వారు కాకుండా ఊరంతా కలిసి రసాయన ఎరువులూ పురుగుమందులూ మానేశారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను ఇళ్లలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ కాపాడారు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, చెలక భూముల సన్నకారు రైతులు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారం ఆ కృషికి దక్కింది. విత్తనం పంచినకొద్దీ నిలుస్తుందని వాళ్లు చేసి చూపించారు.

ఇంత చెప్పాక పాత ఊరినే ఆదర్శంగా చూపిస్తే అబద్ధమాడినట్టవుతుంది. ఆ ఊళ్లో మండువా లోగిలి ఉంది, ధాన్యపు గాదె ఉంది, వెట్టిచాకిరీ కూడా ఉంది. ఊరి బావిలో చేద వేయడానికి మాల మాదిగలకు హక్కు లేదు. తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చున్న ఆడవాళ్ల రెక్కల మీదే ఆ ఇంటి సమృద్ధి నిలిచింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని ఆకాశానికెత్తే ధోరణిని తీవ్రంగా ఖండించింది ఇందుకే. మనం పాత ఊరి నుంచి చెరువునూ విత్తనాన్నీ సున్నాన్నీ తెచ్చుకోవాలి. వెట్టినీ వెలినీ అక్కడే పాతిపెట్టాలి. మన కొత్త ఇంట్లో తిరగలి తిప్పాల్సి వస్తే మగవాడూ తిప్పాలి.

కలిసి బతకడం సాధ్యమేనా అని సందేహించేవారికి రుజువులున్నాయి. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల మట్టం కొలిచారు, ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయాలో యాసంగికి ముందు కూర్చుని లెక్క చూసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ ప్రయత్నానికి తోడ్పడింది. మహారాష్ట్రలోని హివరే బజార్ గ్రామం సాగుకు బోర్లు వేయకూడదని తనకు తానే కట్టుబాటు పెట్టుకుంది, ఏటా నీటి లెక్క చూసి పంట నిర్ణయించుకుంటోంది. సర్పంచిగా ఊరిని నడిపించిన పోపట్‌రావ్ పవార్‌కు పద్మశ్రీ వచ్చింది, కానీ ఆ కట్టుబాటును నిలబెట్టింది ఊరు. వాళ్లకున్నవి మనకు లేనివేమీ కావు. కూర్చుని మాట్లాడుకునే ఓపిక, ఒప్పుకున్న మాటకు నిలబడే నిజాయితీ, అంతే.

మనం వదిలేసే చెత్తకూ ఒక చిరునామా ఉంది. హైదరాబాదు చెత్త జవహర్‌నగర్‌లో గుట్టగా పేరుకుంది. దాని నుంచి కారిన మురికి మల్కారం చెరువును పాడుచేసింది. మన గుమ్మం శుభ్రంగా ఉండటానికి మరొకరి చెరువు బలి కావడాన్ని పరిశుభ్రత అనగలమా? తడి చెత్తను ఇంట్లోనో, అపార్టుమెంటు ఆవరణలోనో ఎరువు చేసుకోవడానికి కావలసింది ఒక తొట్టి, కొంత ఎండుటాకు, రోజుకు పది నిమిషాలు.

అందుకని మీ అందరికీ నా విన్నపం. పొలం కొన్నవారు బోరు లారీని పిలిచే ముందు గ్రామసభకు వెళ్లండి, ఆ ఊరి చెరువుకు నీళ్లు ఏ దారిన వస్తాయో అడిగి ఆ దారి వదిలి గోడ కట్టండి. ఇల్లున్నవారు ఈ వానాకాలం లోపల కప్పు నీళ్లను సంపుకూ, మిగిలినవి ఇంకుడు గుంతకూ మళ్లించండి. అపార్టుమెంట్లలో ఉన్నవారు వచ్చే సంఘ సమావేశంలో ఉమ్మడి కప్పు మీద సోలార్, ఉమ్మడి ఎరువు తొట్టి అన్న రెండు అంశాలు పెట్టండి. పని చేసేవారికి రేకు గది బదులు సరైన కప్పు వేయండి. విదేశాల్లో ఉన్నవారు సొంత తోటకు పంపే డబ్బులో కొంత మీ ఊరి చెరువు పూడికతీతకు పంపండి. పొరుగువాడి బావిలో నీళ్లున్నంత కాలమే మన ఇంట్లో నీళ్లుంటాయి. అది గుర్తుపెట్టుకుని కట్టుకోండి.