తేలుట – మునుగుట

మంత్రాలయమున శ్రీ రాఘవేంద్రస్వాములవారి బృందావన దర్శనమునకు బోవువారు ముందుగా తుంగభద్రలో స్నానమాడుట వాడుక. ఒకమారు ఆ రేవున నొక గృహిణి కాలు జారి లోతునకు బోయెను. ఆమె రెండు చేతులు పైకెత్తి కేక వేసెను. మరుక్షణమున తల మునిగెను. దాపుననున్న పుట్టివాడు గట్టు చేర్చెను గనుక బ్రదికెను. తల మునుగుటకు ఎత్తిన ఆ చేతులే ముఖ్యకారణము.

ఇది వింతగా దోచవచ్చును. ఒక వస్తువు ఎంత నీటిని ప్రక్కకు ద్రోయునో, అంత నీటి బరువుకు సమానమైన బలముతో నీరు దానిని పైకెత్తును. ఖాళీ బిందె తేలుటయు, ఇనుప గరిటె మునుగుటయు ఇందువలననే. మన దేహము ఇంచుమించు నీటితో సమానమైన బరువు గలది. నిండుగా ఊపిరి పీల్చిన చాలమంది తేలుదురు, విడిచిన మునుగుదురు. తేలునపుడును నీటిపైన నిలుచునది స్వల్పభాగమే. చేతులు పైకెత్తగనే వానికి నీటి ఆదరువు తప్పును. ఆ బరువు తలను క్రిందికి ద్రోయును.

సముద్రమున మునుగువారికి ఈ లెక్కయే ప్రాణాధారము. గాలిసీసా వీపున దాల్చి మునుగు స్కూబా విద్యను నేడు విశాఖపట్టణపు ఋషికొండ తీరమున నేర్పుచున్నారు. రబ్బరు దుస్తులు పైకి తేల్చును గనుక వీరు నడుమున సీసపు బిళ్లలు గట్టుకొందురు. మామూలుగా పీల్చిన ఊపిరి బిగబట్టి నిలువుగా నిలిచినచో నీటిమట్టము కన్నులయొద్ద నుండవలయును. ఊపిరి విడువగా మెల్లగా మునుగవలయును. అదియే తగిన బరువు. ఎక్కువైన అలసట, తక్కువైన, తుదకు పైకి వేగముగా లేచి ఊపిరితిత్తులకు హాని గలుగవచ్చును. ఏలయన, 12 లీటర్ల సీసాలోని గాలి వెచ్చమైనకొలది 2 కిలోలకు పైగా బరువు తగ్గును. లీటరు మంచినీరు 1000 గ్రాములైన, సముద్రజలము సుమారు 1025 గ్రాములు; కావున నదిలో సరిపోయిన సీసము సముద్రమున చాలదు.

ఈ విద్య పురుషులకే చెల్లునని తలపవలదు. కొరియాదేశపు జేజు ద్వీపమున హేన్యోలను స్త్రీలు గాలిసీసా లేకయే మునిగి గుల్లలను, నాచును దెచ్చి సంసారములు పోషించుచున్నారు. రబ్బరు దుస్తులు వచ్చిన పిదప వారును సీసపు నడికట్టు గట్టిరి. వారి విద్యను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించెను. పూర్వము వారు పట్టుకొని తేలినది ఎండిన సొరబుర్రయే!

ఆ సొరబుర్ర మనకును క్రొత్తది గాదు. మన పల్లెలందు దానిని నడుమున గట్టుకొని మగపిల్లలు బావులలో ఈత నేర్చిరి. ఆడపిల్లను మాత్రము గట్టున గూర్చుండబెట్టితిమి. నదికి మగబిడ్డ యనియు ఆడుబిడ్డ యనియు భేదము లేదుగదా!

కాబట్టి తల్లులారా! ఈత వచ్చిన పెద్దలను దగ్గర నుంచుకొని, నడుములోతు నిలుకడనీటిలో మీ బిడ్డలకు దీనిని నేర్పుడు: తల వెనుకకు వాల్చి, నిండుగా ఊపిరి పీల్చి, చేతులు నీటిలోనే చాచి తేలవలయును. ఇతరులు మునుగుచుండగా ఈత రానివారు దూకరాదు. చీరకొంగునో ఖాళీ డబ్బానో అందీయవలయును. తుంగభద్ర తల్లియే, ఐనను తల్లి ఒడిలో నుండు విధమును బిడ్డ నేర్వవలదా?