చెరువు కట్ట దాకా వచ్చిన దిగుమతి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో అక్వేరియం షాపులో అడిగితే సరుకు హైదరాబాద్‌ది అంటారు. హైదరాబాద్‌లో అడిగితే కోల్‌కతా, కాకపోతే చెన్నై కొళత్తూరు పేరు చెబుతారు. ఇంకా వెనక్కి పోతే అమెజాన్, చైనా, థాయిలాండ్. 1936లో పెరూ నుంచి పడమటి లోకానికి పరిచయమైన నియాన్ టెట్రా మన గల్లీ దాకా వచ్చిందంటే, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచి, విమానం రెండూ కలిసిన పుణ్యం. పాపం, మెత్తటి అడవి నీళ్లలో పుట్టిన ఆ చేప సున్నం నిండిన నల్లగొండ బోరు నీళ్లలో ఎక్కువ రోజులు ఉండదు. గప్పీలు, మోలీలు మాత్రం హాయిగా పిల్లల్ని పెడతాయి.

ఏ నీళ్లనైనా తట్టుకునేది ఇంకొకటుంది, సక్కర్ ఫిష్. అద్దానికి నోరు అంటించి పాచి తింటుంది, తొట్టి కడిగే పని తప్పుతుందని చెప్పి అంటగడతారు. అంగుళమో రెండంగుళాలో ఉండే ఆ పిల్ల అడుగుకు మించి పెరుగుతుందన్న సంగతి చెప్పరు. పెరిగాక చంపబుద్ధి కాదు. బకెట్లో వేసుకెళ్లి పుణ్యమొస్తుందని చెరువులో వదిలేస్తాం.

దానికి జాలర్లు పెట్టిన పేరు దెయ్యం చేప. ఒళ్లంతా ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. వలలో పడితే వల చినుగుతుంది, బజారుకు తెస్తే కొనేవాడుండడు. ఒడ్డున పడేసినా గాలి మింగి గంటల తరబడి బతుకుతుంది. అన్నిటికన్నా నాకు భయం వేసేది, గుడ్లు పెట్టడానికి అది గట్లలో బొరియలు తవ్వడం. మనవి మట్టికట్టల చెరువులు. మిషన్ కాకతీయలో పూడిక తీసి, కట్టలు బలపరిచింది మొన్ననే కదా! పైగా ఇప్పుడు ఏ చెరువూ ఒంటరిది కాదు. పానగల్లు ఉదయసముద్రానికి కృష్ణ నీళ్లొస్తున్నాయి, పాలమూరు చెరువులకు ఎత్తిపోతల కాల్వలు కలిశాయి. తూర్పు కనుమల్లో సగానికి పైగా జలవనరుల్లో ఈ చేప చేరిందని నీటిలోని డీఎన్ఏ పరీక్షించి సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు.

పరాయి చేపలన్నీ చెడ్డవని కాదు. మనం పులుసు పెట్టుకునే బంగారు తీగలో ఒక రకం 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చిందే. అట్లాగని సర్కారు తెచ్చినవన్నీ మంచివీ కావు. దోమలు తింటుందని 1928లో ఇటలీ నుంచి తెప్పించిన గంబూసియా కప్పపిల్లల్నీ, ఇతర చేపల గుడ్లనూ వదలదు. ప్రపంచంలోని నూరు మహా చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. అయినా దోమలు పెరిగినప్పుడల్లా తెచ్చి వదులుతూనే ఉంటారు. ఇక బకెట్టు పట్టుకొచ్చిన ఇల్లాలిని ఏ నోటితో తప్పుపడతాం?

షాపుల్లోని చేపల్లో చాలా జాతులను ఇప్పుడు మన దేశంలోనే పెంచుతున్నారు కాబట్టి విమానాశ్రయంలో తనిఖీలు పెంచి లాభం లేదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే రెండు షరతులు పెట్టాలి: చేప ఎంత పెరుగుతుందో తొట్టి మీద రాయాలి, పెరిగిన చేపను షాపువాడే వెనక్కి తీసుకోవాలి. 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు పంచుతున్న మత్స్యశాఖ, అదే పద్దులోంచి దెయ్యం చేపను పట్టి తెచ్చిన సంఘాలకు కిలోకింత అని ఇవ్వొచ్చు. చినిగిన వల ఖరీదు ఇప్పటిదాకా జాలరి ఒక్కడే భరిస్తున్నాడు.