ఏసీకి ముందు చూనా

మెహమాన్లు మెచ్చుకోవాలని హాల్లో ఏసీ పెట్టించా. అమ్మీ మాత్రం వెనకగదిలో స్లాబు కింద ఉడికిపోయింది. ఆ శరమ్‌తోనే రాస్తున్నా.

భాయీ, పగలంతా ఎండ తాగిన స్లాబే రాత్రి మనల్ని కాల్చేది. దాని మీద తెల్లగా చూనా కొట్టించండి, ఎండను తిరగ్గొడుతుంది. తెలంగాణ సర్కార్ 2023లో కూల్‌రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు పది గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 13 యూనిట్ల బచత్.

"పైసలెక్కడివి?" అంటారా? షాదీలో ఒక్క రాత్రి లైటింగ్‌కి ఎక్కణ్ణుంచి వచ్చాయి? వజూ దగ్గర నీళ్లు పారబోస్తే ఇస్రాఫ్ అని పిల్లల్ని కసురుతాం. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే కాదా?

ఏసీ వద్దనను. ముందు అమ్మీ గదికి చూనా, ఆ తర్వాతే హాలుకు షాన్.