పని తెలిసిన చేయి

కేంద్ర ప్రభుత్వమువారు 2023వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునకు 13,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీపనివాడు మొదలుగా 18 వృత్తులవారి కిది వర్తించును. పనిముట్లకు 15,000 రూపాయలు, హామీ లేకుండ రెండు విడతలుగా 3 లక్షలవరకు ఋణము, శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భృతి ఇందలి ముఖ్యాంశములు. చిరకాలము ఏ లెక్కలోను చేరని వృత్తులవారిని పేరుపెట్టి పిలిచి గుర్తింపుపత్ర మొసగుట మెచ్చదగిన కార్యమే.

అయినను విచారింపదగిన విషయ మొకటి కలదు. ఇందలి ప్రాథమిక శిక్షణము 5 మొదలు 7 దినములు. తరువాతి శిక్షణము 15 దినములు. ఇదివరకే వృత్తిలో నున్నవారికి క్రొత్త పనిముట్టును, జమాఖర్చులను, బేరసారములను నేర్పుట కీ గడువు చాలవచ్చును. కాని వారి తరువాత ఆ పని చేయవలసినవాని కెవరు నేర్పుదురు? ఎన్నిదినములు నేర్పుదురు?

పని తెలియుట యన నేమో శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరు చక్కగ తెలుపును. నేత యీ 18 వృత్తులలో చేరినది కాదు. అయినను ఉదాహరణమునకు తగియున్నది. అచ్చటి స్త్రీలు వాలుగుచేప దవడయెముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, దూది నేకి, ఏకులను ఎండిన అరటిదొప్పలో పదిలపరచి, సన్నని నూలు వడకుదురు. ఈ క్రమమును మేము ఒక్క వాక్యములో వ్రాసితిమి; చదువరులు నిమిషములో కంఠస్థము చేయవచ్చును. అంతమాత్రమున ఒక్క బారెడు నూలైనను రాదు. పోగు తెగబోవుచున్నదని కంటికంటె ముందుగ వ్రేళ్లకు తెలియుట, గాలిలో తేమ మారగనే చేయి తనంత తాను సర్దుకొనుట వ్రాతకు లొంగునవి కావు. గట్టున నిలిచి యీత నేర్చినవాడు లేడు.

ఇట్టి జ్ఞాన మొకసారి పోయిన తిరిగి రాబట్టుట యెంత కష్టమో మనదేశమునకు అనుభవమే. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో తీసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. మన మూస ఉక్కును 1819లో మైకేల్ ఫారడే యంతటి శాస్త్రజ్ఞుడు పరీక్షించెను. పిమ్మట విదేశపు చౌక లోహము దిగుమతి యగుటతో గిరాకి తగ్గెను, కొలిములు చల్లారెను. పరీక్షాఫలితములు గ్రంథములకెక్కినవి, కొలిమి రంగును చూచి అదను తెలిసికొన్న కన్ను మాత్రము మరుగైపోయెను.

విశ్వకర్మ పథకపు లక్ష్యములలో గురుశిష్య పరంపరను బలపరచుట యని స్పష్టముగ నున్నది. నిబంధనలలో మాత్రము కుటుంబమున కొక్కరికే ప్రయోజన మనియు, భార్య, భర్త, అవివాహిత సంతానము కలిసి యొక కుటుంబ మనియు నున్నది. మన చేతివృత్తులలో పెక్కుచోట్ల తండ్రియే గురువు. ప్రక్కన కూర్చున్న బిడ్డయే శిష్యుడు. గురువు పేరు నమోదైన మరుక్షణమే శిష్యునకు తలుపు మూసిన ట్లగుచున్నది. లక్ష్యమున కీ నిబంధన అడ్డు.

బిడ్డలను కులవృత్తికే కట్టివేయవలెనని మా తాత్పర్యము కాదు. ఏ కులపు బాలుడైనను, బాలికయైనను నేర్వగోరినచో గురువు దొరకవలెననియే మా కోరిక. 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయ కళాశాల చదువును చేతిపనిని ఒకచోట చేర్చినది. 1937లో వార్ధా మహాసభయు ఈ మార్గమునే చూపినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతుల విద్యార్థులు పుస్తకముల సంచి లేకుండ 10 దినములు స్థానిక వృత్తినిపుణుల యొద్ద గడపవలెనన్నది. పది దినములు రుచి చూపుటకు చాలును గాని విద్య యబ్బుటకు చాలవు.

కావున మూడు మార్పులను మేము కోరుచున్నాము. నేర్చుకొనుచున్న బిడ్డకు ఒక్కరి నిబంధన నుండి మినహాయింపు కావలెను. కనీస మొక సంవత్సరము శిష్యుని చేరదీసి నేర్పు గురువునకు నెలనెల భృతి యీయవలెను. పాఠశాలకు పిలిచిన పనివానిని వేడుకకు వచ్చిన అతిథివలె గాక ఉపాధ్యాయునిగా నెంచి వేతన మొసగవలెను. గుర్తింపుపత్రమును ఎప్పుడైనను ముద్రింపవచ్చును. వృద్ధుడైన పనివాని చేతిలోని విద్య అంతకాలము వేచియుండదు.